ఆదివారం ఎవరిది?

చర్చికి రాని సభ్యుణ్ణి పాస్టరు ఎంతవరకు అడగవచ్చు? అడగడం ఎక్కడ ఆగుతుంది, బలవంతం ఎక్కడ మొదలవుతుంది? ఇది క్రైస్తవ సంఘాల లోపలి వ్యవహారం, దానితో సాహిత్యానికేం పని అని కొందరు మిత్రులకు తోచవచ్చు. నిజామాబాదు పట్టణంలోనూ బోధన్ చెరకు ప్రాంతంలోనూ ఆ సంఘాల్లో ఎక్కువగా ఉన్నవాళ్లెవరో ఒకసారి గుర్తు చేసుకుంటే ఆ సందేహం నిలవదు. వాళ్లు మాల మాదిగ వాడల మనుషులు. చెరకు నరికే కూలీలు, బీడీలు చుట్టే ఆడవాళ్లు, చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెట్టుకొకరు పుట్టకొకరు అయిన కుటుంబాలు, గల్ఫుకు పోయిన కొడుకుల కోసం ఎదురుచూసే తల్లులు. వీళ్ల వారంలో ఒక రోజు మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న మతానికి ఎంత సంబంధించిందో శ్రమకూ అంతే సంబంధించింది. శ్రమజీవుల గురించి రాస్తామని చెప్పుకునే రచయితలు దీన్ని పక్కన పెట్టి పోలేరు.

ఈ విషయంలో మన కథాసాహిత్యం నుంచి అందే సాయం తక్కువ. మన కథల్లో పాస్టరు తరచుగా రెండు అచ్చుల్లో పోసిన బొమ్మ. ఒక అచ్చులో అతను పాలపిండి పంచి మతం మార్చే దళారీ. రెండో అచ్చులో బడి పెట్టి, మందిచ్చి, వాడను ఉద్ధరించిన పుణ్యపురుషుడు. ఈ రెండు బొమ్మలూ పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి గాని వాటిలో ఒక సమానలక్షణం ఉంది. రెండింటిలోనూ సంఘ సభ్యుడికి ఇష్టాయిష్టాలు లేవు. ఒక కథలో అతను అమ్ముడుపోతాడు, ఇంకో కథలో ఉద్ధరింపబడతాడు. తానుగా దేన్నీ ఎంచుకోడు. చర్చికి పోవాలా వద్దా అని ఆదివారం పొద్దున లేచి తనలో తాను తర్జనభర్జన పడే మనిషి ఆ కథల్లోకి రాడు. ఆ మనిషిని చూడకుండా హాజరు సమస్యను చర్చించలేం.

ఆదివారం కథ తెలుగు నేల మీద ఎట్లా మొదలైందో చూస్తే ఈ సమస్యకున్న అసలు ముఖం తెలుస్తుంది. బోధన్ నుంచి కాసేపు కోస్తాకు పోవలసి ఉంటుంది. 1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, తన దగ్గరికి వచ్చిన మాదిగలకు ముఖ్యంగా మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డును తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. పైకి చూస్తే మూడూ మతనియమాలే. వెట్టిలో బతికే మాదిగకు మాత్రం అవి మూడూ ఊరితో తనకున్న పాత కట్టును తెంపే నియమాలు. పొలంలో పనికీ, తోలు పనికీ, జాతరలో డప్పుకూ ఎప్పుడు పిలిస్తే అప్పుడు పోవలసిన మనిషి, ఏడు రోజుల్లో ఒక రోజు "రాను" అన్నాడు. ఊరి పెద్దల కోపానికి ఆ మనిషి దేవుడు మారడం ఒక కారణమైతే, ఆ ఒక్క రోజు తమ చేయి దాటిపోవడం అంతకన్నా పెద్ద కారణం. ఆ రోజుల్లో గుడికి పోవడమే ఒక రకం సమ్మె. సమ్మె అనే మాట ఇంకా వాడకు రాకముందు జరిగిన సమ్మె.

అంటే ఆదివారం మొదట కూలివాడి గెలుపుగా వచ్చింది. బొంబాయి మిల్లుల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. ఫూలే సహచరుడైన నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి ఆందోళన చేస్తే 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. అక్కడ అడిగినవాళ్లు క్రైస్తవులు కారు. వాళ్లకు కావలసింది ఒక రోజు విశ్రాంతి, ఒక రోజు తమవాళ్లతో కూడుకునే వీలు. ఒంగోలు మాదిగకూ బొంబాయి మిల్లు కూలికీ దొరికింది ఒకటే, యజమాని చేతిలో లేని ఒక రోజు. ఆ రోజును ఇవాళ ఇంకొకరు తమ చేతిలోకి తీసుకోజూస్తే, వాళ్లు దొరలైనా పాస్టర్లైనా, పోయేది ఆ గెలుపే.

ఒంగోలు నుంచి నేర్చుకోవలసింది ఇంకొకటి ఉంది. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత మేర గుత్తకు తీసుకుని వేలమందికి పని చూపించాడు. ఆ పని నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి చేతికిచ్చేవాడే బాప్తిస్మం కూడా ఇస్తే, వచ్చినవాడు దేనికోసం వచ్చాడో ఇద్దరికీ తెలియకుండా పోతుందని అతనికి తెలుసు. కరువు పని ఆగిన తర్వాత, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్యను మిషన్ చరిత్రలు ఘనంగా చెప్పుకుంటాయి. సంఖ్య కన్నా దానికి ముందున్న విరామం గొప్పది. అన్నం పెట్టే చేయి, ప్రార్థనకు పిలిచే చేయి వేరుగా ఉండాలన్న గ్రహింపు ఆ విరామంలో ఉంది.

ఇదే కాలువను, ఇదే కరువును వస్తువుగా తీసుకుని జి. కల్యాణరావు 2000లో 'అంటరాని వసంతం' రాశాడు. శివయ్య సీమోను కావడాన్ని ఆ నవల అమ్ముడుపోవడంగా చూపదు, ఉద్ధరణగానూ చూపదు. అంటరానితనం నుంచి బయటపడే దారి వెతుక్కుంటున్న మనిషి తీసుకున్న నిర్ణయంగా చూపుతుంది. ఆ నిర్ణయం తర్వాత సంఘం లోపల కూడా కులం అతన్ని వెంటాడడాన్ని దాచదు. మతాంతరీకరణ గురించి మన నవలల్లో వచ్చిన పరిణత చిత్రణల్లో ఇది ముఖ్యమైంది. అయినా ఆ నవల కుటుంబ చరిత్రగా, పోరాటాల చరిత్రగా సాగుతుంది కాబట్టి, సంఘంలో చేరిపోయిన మనిషి వారం వారం బతికే మామూలు బతుకు దాని పరిధిలోకి పూర్తిగా రాదు. అది నవల లోపం కాదు. తర్వాతి రచయితలకు మిగిల్చిన పని.

* * *

ఇప్పుడు నిజామాబాదు ప్రాంతానికి వద్దాం. ఇక్కడికి వచ్చింది బాప్టిస్టులు కాదు, ఇంగ్లండు నుంచి వెస్లియన్ మెథడిస్టులు. మెదక్ కేంద్రంగా చార్లెస్ వాకర్ పోస్నెట్ నడిపిన మిషన్ కరువు రోజుల్లో గుడి కట్టే పనిలో జనానికి కూలి కల్పించింది. 1914లో మొదలైన ఆ కట్టడం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకున్న మెదక్ కెథడ్రల్. నిజామాబాదుకు దగ్గరలోని డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రి వెలిసింది. డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ ఆ ఆసుపత్రిని నడిపారు. ఊరు వెలివేసిన మనుషులకు అక్కడ మందు దొరికింది, గూడు దొరికింది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డప్పుడు ఈ ప్రాంతమంతా మెదక్ అధ్యక్ష మండలంలోకి వచ్చింది.

ఈ సేవను తక్కువ చేసి మాట్లాడడం చారిత్రక దృష్టి కాదు. సేవ ఏ సంబంధాన్ని మిగిల్చిందో చూడకపోవడం కూడా చారిత్రక దృష్టి కాదు. గుడి కట్టిన కూలీకి ఆ గుడే కూలి ఇచ్చింది. రోగికి మందూ ప్రార్థనా ఒకే ఆవరణలో అందాయి. ఒంగోలులో క్లౌ విడదీసి పెట్టాలనుకున్న రెండు చేతులు ఇట్లాంటి చోట్ల దగ్గరపడ్డాయి. అట్లాంటప్పుడు కూడికకు పోవడం ఇష్టంతో పాటు ఒక ఋణం తీర్చుకోవడం కూడా అవుతుంది. తాత తీసుకున్న మందుకు మనవడు ఆదివారం వడ్డీ కట్టాలన్న భావం ఎవరూ నోటితో అనకపోయినా గాలిలో ఉంటుంది. "మిషన్ లేకపోతే మీరు ఎక్కడుండేవాళ్లు?" అన్న ప్రశ్న ఎప్పుడు వినపడ్డా, అది భక్తి గురించిన ప్రశ్న కాదు, బాకీ గురించిన ప్రశ్న.

హాజరుకూ వసూలుకూ ఉన్న చుట్టరికం మెథడిస్టు పద్ధతిలో మొదటినుంచీ ఉన్నదే. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్లో ప్రార్థనామందిరం మీద అప్పు తీర్చడానికి సభ్యులను చిన్న చిన్న జట్లుగా విడగొట్టి, ఒక్కొక్కరి దగ్గర వారానికి ఒక పెన్నీ వసూలు చేసే ఏర్పాటు జరిగింది. వసూలు కోసం ఇల్లిల్లూ తిరిగిన జట్టు పెద్ద, ఆ ఇళ్ల మంచిచెడ్డలు కూడా కనుక్కోవడం మొదలుపెట్టాడు. అట్లా పుట్టిన 'క్లాసు'లో హాజరు సభ్యత్వానికి గుర్తయింది. మూడు నెలలకొకసారి టికెట్టు ఇచ్చేవారు. నడవడి సరిగా లేనివాడికి, తరచు రానివాడికి టికెట్టు అందేది కాదు. ఇందులో మంచి ఉంది. బొగ్గుగని కార్మికుడి ఇంటికి వారానికొకసారి ఒక మనిషి వచ్చి బాగోగులు అడగడం చిన్న విషయం కాదు. ఇందులో చెడూ ఉంది. బాగోగులు అడిగే మనిషి చేతిలోనే పద్దుల పుస్తకం కూడా ఉంది.

అదే ఇంగ్లండులో అంతకు ముందు రాజ్యం నేరుగా హాజరు వేసింది. 1559 చట్టం ప్రకారం ఆదివారం చర్చికి రాకపోతే పన్నెండు పెన్నీలు జరిమానా. 1581లో దాన్ని నెలకు ఇరవై పౌన్లకు పెంచారు. ఆ జరిమానాలు జనాన్ని భక్తులను చేశాయని చరిత్ర చెప్పదు. చాటుగా వేరే ప్రార్థనలు చేసుకునేవాళ్లను తయారుచేశాయని మాత్రం చెబుతుంది. మన గుంటూరు ప్రాంతంలో 1910ల్లో స్టూవర్టుపురం సెటిల్మెంటు వెలిసినప్పుడు ఈ రెండు పద్ధతులూ ఒకచోట కలిశాయి. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకలవాళ్లను నిర్బంధంగా ఉంచిన ఆ సెటిల్మెంటును ప్రభుత్వం ముక్తిఫౌజు అనే క్రైస్తవ సంస్థకు అప్పగించింది. హాజరు పిలవడం అక్కడ పోలీసు పని. అది చేయించింది మతసంస్థ. మతం హాజరుపట్టీ చేతిలోకి తీసుకున్నప్పుడు చివరికి ఎక్కడిదాకా పోగలదో చెప్పడానికి తెలుగు నేల మీద ఇంతకన్నా పెద్ద ఉదాహరణ అక్కరలేదు.

* * *

పాస్టర్ల వైపు వాదన ఏమీ లేదని అనుకోవడం పొరపాటు. ఆ వాదన బలమైంది, దాన్ని న్యాయంగా వినాలి.

హెబ్రీయులకు రాసిన పత్రిక పదో అధ్యాయంలో, కూడుకోవడం మానవద్దని విశ్వాసులకు హెచ్చరిక ఉంది. పాస్టర్లు తరచుగా ఎత్తి చూపే వాక్యం ఇదే. ఆ పత్రిక ఎవరి కోసం రాసిందో గుర్తుంచుకోవాలి. హింసకూ అవమానానికీ గురవుతూ, భయంతో ఒకరికొకరు దూరమవుతున్న చిన్న గుంపుకు రాసిన మాట అది. ఒకరికొకరు ఆసరా కావడానికి కూడుకోండని దాని భావం. అధికారి కింది ఉద్యోగికి పంపే తాఖీదు కాదు.

వాడలో చర్చి చేసే పని కూడా కంటికి కనిపించేదే. కూడికలో మాదిగ పిల్లవాడు పదిమంది ముందు నిలబడి చదువుతాడు. పాట పాడతాడు. సంఘ పెద్దల్లో ఒకడై లెక్కలు రాస్తాడు, తీర్మానం ప్రతిపాదిస్తాడు. వారమంతా చాట ముందు వంగి కూర్చుని, వెయ్యి బీడీలకు ఇంత అని కూలి తీసుకునే ఆడమనిషికి, నడుము నిటారుగా పెట్టి తోటివాళ్లతో కూర్చునే చోటు అదొక్కటే కావచ్చు. ఆమె వరసగా మూడు వారాలు కనిపించకపోతే, "ఏమైందమ్మా, పాణం బాగలేదా?" అని పాస్టరయ్య ఇంటికి రావడం తప్పు కాదు. రాకపోవడమే తప్పు. జబ్బో, అప్పో, మొగుడి తాగుడో ఆ గైరుహాజరు వెనక ఉండవచ్చు. అడిగే మనిషి లేని సంఘం సంఘమే కాదు.

మరి బలవంతం ఎక్కడ మొదలవుతుంది? అడిగేవాడి గొంతు ఎంత కటువుగా ఉందన్న దాన్ని బట్టి అది తేలదు. అతని చేతిలో ఇంకేముందన్న దాన్ని బట్టి తేలుతుంది. కూతురి పెళ్లి అతను జరిపించాలి. బిడ్డకు బాప్తిస్మం అతను ఇవ్వాలి. మిషన్ బళ్లో సీటుకు ఉత్తరం అతను రాయాలి. సంఘ ఎన్నికల్లో ఓటరు పట్టీలో పేరు ఉండాలంటే అతను ఒప్పుకోవాలి. అన్నిటికీ మించి, చచ్చిపోతే బొందలగడ్డలో చోటు అతని మాట మీద ఉంటుంది. ఇన్ని తాళాలు నడుముకు కట్టుకున్న మనిషి ఎంత మెత్తగా అడిగినా వినేవాళ్ల చెవికి తాళాల చప్పుడు వినిపిస్తుంది.

బొందలగడ్డ మాట ఊరికే అనలేదు. క్రైస్తవుడైన దళితుడికి ఊరి శ్మశానంలో చోటు దొరకడం ఎంత కష్టమో 2025 జనవరిలో దేశమంతా చూసింది. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో ఒక పాస్టరు శవాన్ని సొంత ఊళ్లో పూడ్చనివ్వక రోజుల తరబడి శవాగారంలో ఉంచవలసి వచ్చింది. కొడుకు సుప్రీంకోర్టుదాకా పోయాడు. ఇద్దరు న్యాయమూర్తులు భిన్నంగా తీర్పు చెప్పి, చివరికి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న క్రైస్తవ శ్మశానంలో పూడ్చమన్నారు. ఊరు ఇట్లా తలుపు మూస్తున్న కాలంలో సంఘం తన తలుపును బేరంగా వాడుకుంటే ఆ మనిషి ఎక్కడికి పోతాడు? "గుడికి రానివాడికి గుడి భూమి ఎందుకు?" అనే ప్రశ్న తర్కంగా వినపడవచ్చు. ఏడుస్తున్న ఇంటి ముందు నిలబడి అడిగితే అది దౌర్జన్యం.

ఇందులో చట్టం కూడా సభ్యుడికి అండగా లేదు. వెలివేతను నిషేధిస్తూ బొంబాయి రాష్ట్రం 1949లో చేసిన చట్టాన్ని సుప్రీంకోర్టు 1962లో కొట్టేసింది. ఆ కేసు దావూదీ బోహ్రా ముస్లింలది. మతకారణాల మీద వెలివేసే అధికారం మతశాఖ హక్కుల్లో భాగమని ఎక్కువమంది న్యాయమూర్తులు భావించారు. కాబట్టి సభ్యుడి స్వేచ్ఛకు రక్షణ కోర్టు నుంచి కన్నా సంఘం లోపలి మనస్సాక్షి నుంచే ముందు రావలసి ఉంది.

పాస్టరు కూడా ఒక యంత్రంలో భాగమే అన్నది మరవరాదు. పెద్ద సంఘాల్లో పాస్టరేటు పైకి కట్టవలసిన మొత్తం ఉంటుంది. చందాలు తగ్గితే పైనుంచి అడుగుతారు. ఏ సంస్థ అండా లేని చిన్న మందిరాల్లో అయితే కానుక పళ్లెమే అతని బియ్యం డబ్బా. పది కుటుంబాలు పక్క వీధి మందిరానికి పోతే అతని ఇంట్లో పొయ్యి వెలగదు. భయపడే పాస్టరు భయపెడతాడు. ఇది అతన్ని క్షమించడానికి చెప్పే మాట కాదు. వ్యక్తుల దుర్మార్గంగా కనిపించేది ఒక ఏర్పాటు ఫలితం కావచ్చునని చూడడానికి చెప్పే మాట. మన కథకులు పాస్టరును చిత్రించేటప్పుడు అతని నెలజీతం ఎంతో, అది ఎక్కణ్ణుంచి వస్తుందో ముందు తెలుసుకుంటే సగం మూసలు వాటంతటవే పగులుతాయి.

* * *

రానివాడు ఎందుకు రాలేదో చూస్తే చెరకు ప్రాంతపు ప్రత్యేకత బయటపడుతుంది. చెరకు నరికాక ఆగదు. నరికిన గడ గంటగంటకూ తీపి పోగొట్టుకుంటుంది కాబట్టి గానుగ మొదలైతే రాత్రీ పగలూ నడవాల్సిందే. 1937లో నిజాం ప్రభుత్వ కాలంలో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నెలకొన్న నాటినుంచీ శక్కర్‌నగర్ వారం గుడి గంటను బట్టి కాక ఫ్యాక్టరీ సైరనును బట్టి నడిచింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 52వ సెక్షను ఆదివారం సెలవన్నది. అవసరమైతే ముందో వెనకో మూడు రోజుల్లో ఇంకో రోజు ఇవ్వవచ్చునని కూడా అన్నది. షిఫ్టులో ఉన్న కార్మికుడికి సెలవు మంగళవారం వస్తే, అతను ఆదివారం గుడికి రానందుకు జవాబు చెప్పవలసింది ఎవరు? పొలంలో నరికే కూలీకి ఆ పాటి చట్టం కూడా అందలేదు. బండి వచ్చిందంటే నరకాలి, అంతే.

2002లో ఆ ఫ్యాక్టరీలో ఎక్కువ వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో అది మూతపడింది. సైరను ఆగింది గాని ఆదివారం ఖాళీ కాలేదు. పని పోయిన ఇంటి మనిషి అడ్డా మీద నిలబడాలి, లేదా దూరం పోవాలి. నిజామాబాదు జిల్లా నుంచి గల్ఫుకు పోయినవాళ్ల సంగతి చూడండి. అక్కడ వారపు సెలవు శుక్రవారం కాబట్టి దుబాయిలోనూ చుట్టుపక్కలా తెలుగు క్రైస్తవులు ఏళ్ల తరబడి శుక్రవారమే ఆరాధన జరుపుకున్నారు. 2022లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ సెలవును శని ఆదివారాలకు మార్చాక అక్కడి కూడికల ఏర్పాటూ మారవలసి వచ్చింది. పాపమని ఎవరూ అనలేదు. అరబ్బు యజమాని క్యాలెండరుకు వంగగలిగిన ఆరాధన, బోధన్ చెరకు కూలి పనివేళకు ఎందుకు వంగదు? తెలుగు పల్లెల పాత సంఘాల్లో కూలి దిగి వచ్చాక, బువ్వ తిన్నాక, రాత్రి దీపం పెట్టుకుని ప్రార్థనకు కూడుకోవడం మామూలు సంగతి. ఆనాటి బోధకుడు జనం వేళ చూసుకుని వచ్చాడు. జనాన్ని తన వేళకు రమ్మని పిలిచే పద్ధతి తర్వాత బలపడింది.

* * *

ఇక అందరికీ తెలిసినా ఎవరూ బాహాటంగా మాట్లాడని విషయం ఒకటి ఉంది. పేద క్రైస్తవుడి హాజరు ఇద్దరు వేస్తారు. ఒకరు పాస్టరు, ఇంకొకరు ప్రభుత్వం.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కాని వ్యక్తి షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తీశారు. క్రైస్తవులకూ ముస్లింలకూ తీయలేదు. మన దగ్గర క్రైస్తవులైన షెడ్యూల్డు కులాలవారిని వెనకబడిన తరగతుల 'సి' గ్రూపులో పెట్టి ఒక శాతం కేటాయించారు. ఒకే గోడ పంచుకునే రెండు ఇళ్లు, ఒకే కులం, ఒకే అవమానం. ఒక ఇంటికి ఒక సర్టిఫికెట్టు, పక్క ఇంటికి ఇంకొకటి. కాబట్టి వాడలో చాలామంది రెండు పేర్లతో, రెండు లెక్కలతో బతుకుతారు. బడి రికార్డులో ఒక పేరు, గుడి రికార్డులో ఒక పేరు.

2024 నవంబరు 26న సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక మహిళకు షెడ్యూల్డు కుల సర్టిఫికెట్టు నిరాకరిస్తూ, ఆమె బాప్తిస్మం పొందిందనీ క్రమం తప్పకుండా చర్చికి పోతోందనీ ఎత్తిచూపింది. అంటే చర్చికి పోవడం ఇప్పుడు కోర్టులో సాక్ష్యం. పోతే పిల్లవాడి ఫీజు, హాస్టలు, ఉద్యోగం పోవచ్చు. పోకపోతే బొందలగడ్డ పోవచ్చు. ఈ రెండు భయాల మధ్య, ఆదివారం పొద్దున గడపలో చెప్పులు తొడుక్కోవాలా వద్దా అని నిలబడ్డ మనిషిని "విశ్వాసంలో చల్లబడ్డావు" అని వేదిక మీది నుంచి మందలించడం ఎంత క్రూరమో పాస్టర్లు ఆలోచించాలి. అతను చల్లబడలేదు. రాజ్యం కులాన్ని మతంతో ముడిపెట్టి అతని విశ్వాసానికి సుంకం వేసింది. ఆ సుంకం మీద పోరాడవలసిన సంఘం, దాని మీద ఇంకో సుంకం వేస్తోంది.

ఈ స్థితిలో పాస్టరు చేయగలిగిన మేలు ఒకటి ఉంది. తన చేతిలోని తాళాలను హాజరు పట్టీ నుంచి విడదీయడం. పెళ్లి, చావు, బడి ఉత్తరం, కరువు సాయం, వీటిలో ఏ ఒక్కటీ ఎన్ని ఆదివారాలు వచ్చావన్న లెక్క మీద ఆధారపడదని సంఘం ముందు బాహాటంగా చెప్పి, రాసి పెట్టడం. ఆ తర్వాత అతను ఎన్నిసార్లు పిలిచినా అది పిలుపే. అప్పుడు వచ్చేవాళ్లు తగ్గితే తగ్గవచ్చు. వచ్చినవాళ్లు మాత్రం తమ కాళ్ల మీద తాము వస్తారు. ఒంగోలులో క్లౌ కరువులో చేసింది ఇదే.

* * *

సాహిత్యకారుల వంతు మిగిలింది. మతపెద్దల ఒత్తిడి అనేది మన కవులకు వినికిడి విషయం కాదు. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువా పురాణ వస్తువులతో కావ్యాలు రాసినందుకు సొంత మతపెద్దల ఆగ్రహం చవిచూశాడు. మరో పక్క పండిత సభల్లో కులం పేరుతో అవమానాలు పడ్డాడు. ఆయనే తర్వాత 'క్రీస్తు చరిత్ర' రాసి, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నాడు. ఏ పాస్టరూ హాజరు వేసి రాయించలేదు దాన్ని. జాషువాను మనం కులవివక్ష మీద తిరగబడ్డ కవిగా చదువుతాం, సరైనదే. సంఘపు కట్టడికీ తన ఇష్టానికీ మధ్య దారి చేసుకున్న విశ్వాసిగా కూడా చదవవలసి ఉంది.

నిజామాబాదుకు దగ్గరగా ఇంకొక ఆధారం ఉంది. 1948లో దాశరథితో పాటు నిజామాబాదు జైల్లో ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి తన 'ప్రజల మనిషి' నవలలో మతమార్పిడిని వస్తువులో భాగం చేశాడు. అక్కడున్నది క్రైస్తవం కాదు, నిజాం రాజ్యంలో ఇస్లాంలోకి జరిగిన మార్పిడి, దానికి ప్రతిగా నడిచిన వ్యవహారం. పేదవాడి తల ఎవరి లెక్కలో పడాలన్న పోటీలో పేదవాడి ఆకలి, భూమి, వెట్టి ఎట్లా పక్కకు పోతాయో ఆళ్వారుస్వామి చూశాడు. తలల లెక్కను మించి మనిషిని చూసే ఆ చూపు ఈ సమస్యకు సరిగ్గా పనికివస్తుంది. 'గస్తీ నిషాన్ తిర్‌పన్' పేరుతో సభ పెట్టుకోవడానికి కూడా సర్కారు అనుమతి అడగవలసిన రాజ్యంలో బతికిన తరానిది ఆ చూపు. కూడుకునే హక్కు విలువ ఆ తరానికి బాగా తెలుసు. కూడుకునే హక్కులో కూడుకోకుండా ఉండే హక్కు కూడా ఉందని చెప్పడం ఆ హక్కును తగ్గించడం కాదు, పూర్తి చేయడం.

ఈ మాట పాస్టర్లకు చెప్పి ఊరుకుంటే సరిపోదు. ప్రజాసంఘాలకూ రచయితల సంఘాలకూ హాజరు పట్టీలున్నాయి. రెండు సమావేశాలకు రాని సభ్యుడి నిబద్ధతను శంకించే అలవాటు చర్చిల్లో మాత్రమే లేదు. బీడీ కార్ఖానా నుంచి వచ్చి, వంట ముగించి, రాత్రి సభకు రాలేకపోయిన కార్యకర్తను "చైతన్యం తగ్గింది" అనడానికీ, కూడికకు రాని ఆమెను "విశ్వాసం తగ్గింది" అనడానికీ తేడా పదజాలంలోనే ఉంది. మతాన్ని విమర్శించే కొలబద్ద మనకూ వర్తిస్తేనే ఆ విమర్శకు విలువ.

రాయవలసిన కథలు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. సీజన్లో మంగళవారం సెలవు దొరికి, ఖాళీ గుడిలో ఒక్కడే కూర్చున్న షిఫ్టు కార్మికుడి కథ. సర్టిఫికెట్టు కోసం కొడుకును గుడికి దూరంగా ఉంచి, తాను మాత్రం చివరి వరసలో కొంగు కప్పుకుని కూర్చునే తల్లి కథ. పైవాళ్లకు లెక్క చెప్పలేక, రాని ఇంటి తలుపు తట్టడానికి మనసొప్పక, వాకిట్లో ఆగిపోయిన పాస్టరు కథ. వీటిని మతం మీద ఎగతాళితోనో, మతం మీద మమకారంతోనో రాస్తే మళ్లీ ఆ రెండు మూసలే మిగులుతాయి. ఆ రోజు ఎవరి చెమటతో గెలిచిందో గుర్తుంచుకుని, దాన్ని ఎట్లా గడపాలో తేల్చుకునే హక్కు ఆ చెమటదేనని నమ్మి రాయాలి. బోధన్ చెరకు తోటల్లోనూ నిజామాబాదు బీడీ వాడల్లోనూ పెరిగిన యువ రచయితలు ఈ పని చేయగలరు. వాళ్లకు ఈ గడప, ఆ గుడి, మధ్యలో ఉన్న నాలుగు అడుగుల దూరం బాగా తెలుసు.